లై డిటెక్టరూ, ఐదు మార్కుల నాణెమూ

డెట్రాయిట్ పక్కనున్న మా నోవైలో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట భోజనానికి కూర్చుంటే చాలు, నా గురించి ఒక కథ బయటికొస్తుంది. చెప్పేవాళ్ళు మారతారు గాని కథ మారదు. ఎనభైల మొదట్లో నేను పనిచేసిన నాణేల కొట్టులో దొంగతనం జరిగిందట. నన్ను లై డిటెక్టర్ ముందు కూర్చోబెట్టారట. గాజులు తీయనని మొండికేసి, ఆ మిషను మనిషిని మాటలతో వాయించి, దొంగను పట్టిచ్చి, వైర్లు పీకి పారేసి దర్జాగా ఇంటికొచ్చానట.

ఇందులో నిజం లై డిటెక్టర్ ఒక్కటే. గాజులు తీశాను. మాటలతో ఎవర్నీ వాయించలేదు. వైర్లు నేను పీకలేదు, ఆయనే విప్పాడు, నా చేతులు వణుకుతున్నాయి గనక. దొంగ సంగతి దగ్గరికి వస్తాను.

మొన్న ఒక అమ్మాయి, కార్ల కంపెనీలో కొత్తగా చేరిన ఇంజినీరు, ఈ కథ విని, "ఆంటీ, యూ వర్ సో బ్రేవ్" అంది. బ్రేవూ లేదు, ఏమీ లేదు, కూర్చో చెబుతాను అన్నాను. తనకి ఇంకో పార్టీ ఉందట, వెళ్ళిపోయింది. అందుకని రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు ధైర్యం కథలు విని మోసపోకూడదు. ఉద్యోగాల్లో మనచేత పనులు చేయించేది చాలావరకు భయమే. అది తప్పని కూడా నేను అనను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పమంటాను, అంతే.

మా ఆయన కార్ల కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా ఉండేవారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇంజినీర్లందరినీ వరసపెట్టి తీసేసిన రోజుల్లో ఆయన్నీ తీసేశారు. మా పిల్లవాడికి ఉబ్బసం. చలికాలం వస్తే వాడి ఛాతీలో పిల్లి కూతలు. ఆస్పత్రికి పరిగెత్తాలంటే ఇన్సూరెన్సు కావాలి, ఇన్సూరెన్సు కావాలంటే ఎవరో ఒకరికి ఉద్యోగం ఉండాలి. ఆ ఒకరు నేను. చరిత్రలో ఎం.ఏ. చేసి, కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని, చివరకు జర్మన్ నాణేలు పోస్టులో అమ్మే ఒక చిన్న కొట్టులో చేరాను. జర్మన్ చరిత్ర చదివానని ఇంటర్వ్యూలో కాస్త గట్టిగా చెప్పాను. ఓనరు దాన్ని ఇంకాస్త గట్టిగా నమ్మాడు.

అక్కడ నా పని ఒక్కటే. ప్రూఫ్ నాణేల్నీ మామూలు కొత్త నాణేల్నీ విడదీయడం. పని తెలియనివాళ్ళకు రెండూ తళతళలాడే వెండి బిళ్ళలే. మామూలు కొత్త నాణెం అంటే టంకశాలలో మిషను కింద టకటకా పడి, ఎవరి జేబులోకీ పోకుండా మిగిలినది. ప్రూఫ్ అంటే దాచుకునేవాళ్ళ కోసమని అచ్చునీ బిళ్ళనీ ముందే అద్దంలా మెరుగుపెట్టి, నెమ్మదిగా, గట్టిగా నొక్కి తీసినది, ధర ఎన్నో రెట్లు ఎక్కువ. దాని మీది ఖాళీ చోటు నల్లటి అద్దంలా ఉంటుంది, పైన గద్ద బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా లేస్తుంది. చిక్కు ఎక్కడంటే, కొత్త అచ్చుతో మొదట పడిన మామూలు నాణేలు కూడా అద్దంలాగే ఉంటాయి. అంచూ పదునుగానే ఉంటుంది. భూతద్దం పెట్టినా నమ్మించేస్తాయి. వాటిని పట్టుకోవాలంటే మెల్లగా వంచి, తిప్పి చూడాలి. మామూలు నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. ప్రూఫ్ మీద తిరగదు.

ఈ చక్రాన్ని నాకు చూపించింది అక్కడి పెద్దాయన. జర్మనీలో పుట్టి, కుర్రతనం నుంచీ నాణేల్లోనే బతికినవాడు. పక్కపక్కన పనిచేసినన్నాళ్ళూ నన్ను పేరుపెట్టి పిలవలేదు, 'మిసెస్' అనేవాడు. నేనూ 'మిస్టర్' అనేదాన్ని. మా ఇద్దరి పని మాటల్లేని పని. నాణెం బయట ఉన్నంతసేపూ ఎవరూ నోరు తెరవకూడదు. మాట్లాడితే తుంపర పడుతుంది, పడ్డచోట కొన్ని నెలలకు నల్ల చుక్క తేలుతుంది. ముందు ఆయన చూసి ఒక కార్డు బోర్లా పెడతాడు, తర్వాత నేను చూసి నాది బోర్లా పెడతాను. నీలం కార్డు అంటే ప్రూఫ్, తెల్లది అంటే కాదు. రెండూ తిప్పి, కలిస్తే నాణేన్ని అట్ట చట్రంలో పెట్టి పిన్నులు కొడతాం. కలవకపోతే ఓనరు దగ్గరికి పోతుంది. నోరు కట్టేసుకుని కూర్చునే ఉద్యోగంలో నేనెలా ఇమిడానని మా ఆయన ఆశ్చర్యపోయేవారు. "ఆఫీస్‌లో మిగిల్చుకున్న మాటలన్నీ ఇంటికి తెస్తున్నావు" అనేవారు.

వెండి ధర ఆకాశానికి ఎగిరి కూలిపోయాక, ఓనరు జర్మన్ ఐదు మార్కుల (మనకు రూపాయిలా వాళ్ళకు మార్కు) వెండి నాణేలు సంచులకొద్దీ కొన్నాడు. ఏది ఏదో అమ్మినవాళ్ళకే తెలియదు. విడదీయడం మా పని. అదే చలికాలంలో కరెంటు బిల్లు చూసి గుండె బాదుకుని, మా బల్లల మీది బల్బు దీపాలు తీసేయించి, కప్పుకు పొడవాటి ట్యూబ్‌లైట్లు బిగించాడు. గది ఆస్పత్రిలా తెల్లబడింది. నాకు బాగానే అనిపించింది, మొహానికి వేడి కొట్టడం తప్పింది. పెద్దాయన కుర్చీలోంచి తలెత్తి ఆ ట్యూబుల వంక కాసేపు చూశాడు. మళ్ళీ తల దించి పనిలో పడ్డాడు.

ఆ తర్వాత మా కార్డులు కలవడం ఎక్కువైంది. నీలం పక్కన నీలం. ఓనరు మా వెనక నిలబడి, "చూశారా, మంచి లైటు పెడితే ఇద్దరికీ తగువే లేదు" అని సంబరపడ్డాడు.

వసంతం వచ్చేసరికి నాణేలు వెనక్కి రావడం మొదలైంది. ఒక పాత గిరాకీ ఫోన్‌లో, "నువ్వు పంపింది ప్రూఫ్ కాదు, మామూలుది" అన్నాడు. తర్వాత ఇంకొకాయన. ఓనరు కొట్టులో మిగిలిన చట్రాలు కొన్ని పట్టుకుని వేరే ఊరి వ్యాపారికి చూపించాడు. ఆయనా అదే మాట అన్నాడట. ఓనరు తిరిగొచ్చి మమ్మల్ని ముగ్గుర్నీ, అంటే పెద్దాయన్నీ, నన్నూ, ప్యాకింగ్ చూసే ఆవిడనీ నిలబెట్టాడు.

"ఈ నాణేల మీద ఇద్దరూ నీలం కార్డు పెట్టారు. ఇద్దరికీ పని తెలుసు. అంటే చట్రంలోకి వెళ్ళింది ప్రూఫే. ఇప్పుడు చట్రంలో ఉన్నది ప్రూఫ్ కాదు. అంటే అది వేరే నాణెం" అన్నాడు.

దానికి ఎదురేముంది చెప్పండి. పిన్నులు ఊడదీసి మళ్ళీ కొట్టడం క్షణం పని, చట్రాలు ముట్టుకునేది మేం ముగ్గురమే. నేను తీయలేదని నాకు తెలుసు. కనక మిగతా ఇద్దరిలో ఒకరు. వాళ్ళూ తలోవైపు అదే లెక్క వేసుకుంటున్నారు.

అప్పటినుంచి ఆ కొట్టులో గాలి మారిపోయింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఓనరు అడక్కుండానే మేమే సంచులు తెరిచి చూపించేవాళ్ళం. నేను జేబుల్లేని బట్టలే వేసుకెళ్ళాను. నాణెం ముట్టుకునేముందు చేతులు రెండూ బల్ల మీద పరిచి పెట్టడం అలవాటైంది. ఎవరూ చెప్పలేదు, భయమే నేర్పింది. పెద్దాయనా నేనూ మధ్యాహ్నం ఒక బల్ల దగ్గర తినేవాళ్ళం, అది మానేశాం. ఆయన కారులో కూర్చుని తినేవాడు. ఎందుకు కారులో అని నేను అనుమానపడ్డాను. నేను తలుపు వైపు వీపు పెట్టి ఎందుకు కూర్చుంటున్నానని ఆయన అనుమానపడి ఉంటాడు.

ఒక సోమవారం ఓనరు చెప్పాడు. "రేపు ఒకాయన పాలిగ్రాఫ్, అదే లై డిటెక్టర్, తెస్తాడు. బలవంతం ఏం లేదు. కూర్చోనివాళ్ళ గురించి నేనేం అనుకోవాలో నేను అనుకుంటాను."

ఇప్పుడైతే మామూలు కొట్లలో అలా కూర్చోబెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అప్పుడు ఎవరిష్టం వాళ్ళది. ఇంటికొచ్చి చెప్పాను.

"నో చెప్పెయ్. లాయర్‌ని అడుగుదాం" అన్నారు మా ఆయన.

"లాయర్‌కి ఎవరిస్తారండీ డబ్బు, మీ అన్‌ఎంప్లాయ్‌మెంట్ చెక్కా?"

"తీయలేదుగా నువ్వు. ఇక భయం దేనికి?"

"తీయనిదానికి భయపడితే ఆ మిషను ఏమని రాస్తుందో ఎవరికి తెలుసు? సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం. దొంగ అని ఎక్కడైనా ఒక ముక్క పడితే?"

లోపల గదిలో పిల్లవాడు దగ్గుతున్నాడు. ఇద్దరం ఆ దగ్గు వింటూ కూర్చున్నాం.

మర్నాడు ప్యాకింగ్ ఆవిడ ముందు లోపలికి వెళ్ళి, కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా టేపు చింపడం మొదలుపెట్టింది. తర్వాత పెద్దాయన వంతు. ఆయన లేచి, భూతద్దాన్ని మడిచి జేబులో వేసుకుని, కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు ఓనరు.

"ఇంటికి."

"వెళ్తే ఏమిటో తెలుసుగా?"

"నాకు తెలుసు. మీకేం తెలుసో మీ ఇష్టం" అని, నా వైపు తలాడించి, "మిసెస్" అని మాత్రం అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఓనరు మొహంలో ఊరట కనిపించింది. నాకు భయం వేసింది అదుగో అప్పుడు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది, దొంగ ఎవరో తేలిపోయింది, ఇక నా పరీక్ష ఉత్తుత్తిది అని. నాలోనూ ఒక పిరికి ముక్క ఊపిరి పీల్చుకుంది. ఆ ముక్కని చూసి ఇంకా భయపడ్డాను.

పరీక్ష వెనక స్టోర్ గదిలో. ఆ గదికి ట్యూబ్‌లైట్లు వేయించలేదు. మా బల్లల మీంచి తీసేసిన బల్బు దీపాల్లో ఒకదాన్ని అక్కడ ఒక మూల బల్ల మీద పెట్టారు. మిషను మనిషి చాలా మర్యాదస్తుడు. డెంటిస్టు గొంతు. ఛాతీ చుట్టూ రబ్బరు గొట్టం బిగిస్తూ "ఎక్స్‌క్యూజ్ మీ మేడం" అన్నాడు. పరాయి మగవాడు అలా చేతులు చుట్టి బిగిస్తుంటే, సిగ్గుపడాలో భయపడాలో తెలియలేదు. భయమే గెలిచింది. దండకు పట్టీ, వేళ్ళకు రేకులు. గాజులు బల్లకు తగిలి చప్పుడైతే గీత కదులుతుందట, తీయమన్నాడు. తీయకూడదని చెప్పబోయాను. మా ఆయనకు ఉద్యోగం లేదు, పిల్లవాడికి ఒంట్లో బాగోదు, ఇప్పుడా గాజులు తీయడం. నోటిదాకా వచ్చింది. మింగేశాను. బంగారు గాజులు బిగుతుగా ఉంటే ఆయనే సబ్బు తెచ్చిచ్చాడు. కథలో మొండికేసిన గాజులు ఇవే.

"ప్రశ్న ఏదైనా ఔను లేదా కాదు. ఇంకేం చెప్పొద్దు" అన్నాడు.

నాతో ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు.

"మీరు ఈ దేశంలో పుట్టారా?"

"కాదు."

"ఎప్పుడైనా మీది కానిది తీసుకున్నారా?"

హాస్టల్లో ఎవరిదో పెన్ను, పక్కింటి గోడమీంచి మల్లెపూలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "కాదు" అన్నాను. కాగితం మీద కలాలు గరగరా కదిలాయి. మిషను నా వెనకవైపు కదా, నాకు కనపడదు, వినపడుతుంది.

"ఈ కొట్టులోంచి నాణెం తీశారా?"

"కాదు."

"ఎవరు మార్చారో మీకు తెలుసా?"

"కాదు."

రెండోసారి అవే ప్రశ్నలు. ఈసారి ఆయన చిన్న పళ్ళెంలో ఒక నాణెం పెట్టి, దీపం కిందికి, నా ముందుకు పెన్సిలుతో నెట్టాడు. వెనక్కి వచ్చినవాటిలో ఒకటి. దాన్ని చూస్తే దొంగకు గుండె గుభేలుమంటుందని ఆయన లెక్క. పళ్ళెం వంకరగా జరిగింది, నాణెం కాస్త తిరిగింది. దాని మీద వెలుగు గిర్రున తిరిగింది. బండిచక్రం. ఆకులన్నీ ఒక్కొక్కటిగా కదిలి, గద్ద రెక్కల మీదుగా పోయి ఆగాయి.

నేను చాలా నెలలుగా చూడనిది అది. ఎందుకు చూడలేదో అప్పుడే తట్టింది. కప్పు నిండా పొడవాటి ట్యూబులు పరుచుకుంటే వెలుగు ఒకచోటినుంచి రాదు, అన్ని వైపులనుంచీ వస్తుంది. తిరగడానికి చక్రం ఎక్కడ? ఆ తెల్లటి వెలుగులో అద్దంలాంటి ప్రతి నాణెమూ మాకు ప్రూఫే. నాణెం ఎవరూ మార్చలేదు. ఇది మేం నీలం కార్డు పెట్టిన నాణెమే. అప్పుడూ ఇది ప్రూఫ్ కాదు.

"ఎవరు మార్చారో మీకు తెలుసా?" అన్నాడాయన.

ఔనంటే అబద్ధం. కాదంటే నిజమే గాని, సగం నిజం. అసలు మార్చలేదు అనడానికి ఆయన ప్రశ్నలో చోటు లేదు. "కాదు" అన్నాను. కలాలు పిచ్చెక్కినట్టు గీశాయి.

ఆయన డెంటిస్టు గొంతు ఇంకా మెత్తబడింది. "మేడం, ఇక్కడ ఏదో ఉంది."

ఉంది. చెబితే దొంగతనం లేకుండా పోతుంది, కానీ ఇద్దరు నిపుణులమని జీతాలు తీసుకుంటూ ఇన్ని నెలలు తప్పు నాణేలు అమ్మించామని తేలుతుంది. అలాంటివాళ్ళను ఎవరు ఉంచుకుంటారు? ఇన్సూరెన్సు పోతుంది. చెప్పకపోతే, కోటు తొడుక్కుని వెళ్ళిపోయిన ముసలాయన ఎలాగూ దొంగ అయిపోయాడు. నా గీతల్ని కూడా ఆయన ఖాతాలో వేసి ఊరుకుంటారేమో. ఊరుకుందామని నిజంగా అనుకున్నాను. కానీ ఆ కలం అప్పటికే గీసేసింది. నాకేదో తెలుసని కాగితం మీద ఉంది. ఆ కాగితం భయానికి చెప్పాను. న్యాయం కోసం చెప్పానని కథలో అంటారే, వాళ్ళెవరూ ఆ కుర్చీలో కూర్చోలేదు.

"ఓనర్‌ని పిలవండి. నాణెం తిప్పి చూపించాలి" అన్నాను.

"ఔనో కాదో చెప్పండి మేడం."

"ఔను. పిలవండి."

ఓనరు వచ్చాడు. వైర్లతోనే చెయ్యి చాచి నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కింద వంచాను. చెయ్యి వణికి చక్రం ఇంకా బాగా తిరిగింది. తర్వాత పళ్ళేన్ని ముందు గదిలోకి, ట్యూబుల కిందికి పట్టుకెళ్ళి చూడమన్నాను. వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఇంకో నాలుగు నాణేలు పట్టుకొచ్చి, ఒక్కొక్కటీ ఆ బల్బు కింద తనే తిప్పాడు. మిషను మనిషి నా వేళ్ళ రేకులు విప్పుతూ, "నేనిక వెళ్ళొచ్చా?" అన్నాడు.

ఓనరు ఒక అట్టపెట్టె మీద కూలబడ్డాడు. "అయితే దొంగ లేడు."

"లేడు."

"సగం దేశానికి తప్పు నాణేలు అమ్మాను."

ఆయన తెచ్చిన నాలుగు నాణేల్నీ పళ్ళెంలో సర్దాను.

"ఇద్దరూ నీలం పెట్టారు."

"ఔను" అన్నాను. దీపాలు తీయించింది నువ్వే అని అనలేదు. ఆ మాట మిగిల్చుకోవడం నా జీవితంలో చాలా కష్టమైన పని.

నన్ను తీసేయలేదు. జాలి కాదు. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ విడదీయడానికి ఒక మనిషి కావాలి, ఆ రోజుకి అక్కడ మిగిలింది నేనే. మర్నాటికి బల్బు దీపాలు బల్లల మీదికి వచ్చాయి. ఆ ఏడంతా ఫోను మోగితే ఇంకో నాణెం వెనక్కొస్తోందేమోనని ఉలిక్కిపడుతూనే ఉన్నాను, కానీ ఇన్సూరెన్సు కార్డు నా పర్సులోనే ఉంది.

పెద్దాయనకు ఓనరు ఫోన్ చేసి సారీ చెప్పి రమ్మన్నాడు. రాలేదు. ఏప్రిల్‌లో కూడా వదలని మంచులో నేను డ్రైవ్ చేసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టాడు, కోపంగా కాదు. దీపం సంగతి, చక్రం సంగతి అంతా గబగబా చెప్పాను. ఆశ్చర్యపోతాడని, నెత్తి కొట్టుకుంటాడని అనుకున్నాను. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. చివరిదాకా విని, "మీ అబ్బాయి దగ్గు తగ్గిందా మిసెస్?" అన్నాడు. తగ్గిందన్నాను. "దారిలో ఐస్ ఉంది, మెల్లగా పోండి" అని తలుపు వేశాడు. కారెక్కాక గాని నాకు తట్టలేదు. దీపం గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఏ వెలుగు ఎలా చూపిస్తుందో నాకు నేర్పిన మనిషి. నాణేన్ని బల్బు కింద ఎంత దూరంలో పట్టుకోవాలో వేలితో కొలిచి చూపించిన మనిషి. నేను కొత్తదాన్ని, నాకు ట్యూబుల సంగతి తెలియదు. ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? కొట్టులో చివరి రోజుల్లో ఆయన కార్లో వెళ్ళేటప్పుడు మరీ నెమ్మదిగా వెళ్ళేవాడని, సాయంత్రం చీకటి పడకముందే బయల్దేరేవాడని ప్యాకింగ్ ఆవిడ తర్వాత చెప్పింది. కళ్ళు మసకబారిన మనిషికి ఆ తెల్లటి గది ఎంత ఊరటగా ఉండి ఉంటుంది, అక్కడ పక్కనున్నవాళ్ళకూ కనపడదు కదా. లేదా నాలాగే ఓనరుకు భయపడి, పెద్ద వయసులో ఎందుకొచ్చిన పేచీ అని ఊరుకున్నాడా? ఆయన ఇప్పుడు లేరు. ఆయన భార్య ఉంది, ఆ ఇంట్లోనే ఉంది, పండక్కి కార్డు పంపుతుంది. అడగడానికి రెండుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. ఆ రోజు ఆయన కుర్చీలోంచి లేచి వెళ్ళింది దొంగలా ఆ మిషను ముందు కూర్చోవడం ఇష్టంలేకనా, లేక ట్యూబుల కింద ఎవరికీ ఏమీ కనపడదని నీకు ముందే తెలుసా అని ఆ మిషను అడుగుతుందని భయపడా?